పాతర నిండినంకనే పిల్లలు

తినే అన్నం మీద ఒట్టు, మా ఇంటి గడప మీద ఒట్టు, ఈ కింద నేను రాయబోయేదాంట్లో అక్షరం కూడా అబద్ధం ఉండదు. ఇంత గట్టిగా ఒట్టేయడం ఎందుకంటే, తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్ళల్లో నా నోటికి ఒక పేరుంది. మా చేన్లో కాసిన గుమ్మడికాయను తొలిచి, అందులో రెండు మేకపిల్లలను వానకు తడవకుండా కట్టేశానని నేను చెబితే నమ్మినవాళ్ళు ఉన్నారు. నమ్మకపోయినా బీడీ ఇచ్చి మరీ మళ్ళీ చెప్పించుకున్నవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. యాభై రెండేళ్ళు వచ్చినా ఆ గుణం పోలేదు. కానీ ఇది గుమ్మడికాయ కథ కాదు.

పోయిన వారం నేనూ మా ఇంటావిడా నందికొండకు పోయాం. మా పెద్దోడు అక్కడ కాలువల ఆఫీసులో పనిచేస్తాడు, కోడలు బళ్ళో పాఠాలు చెబుతుంది, ఇద్దరికీ జీతాలు, ఉండడానికి క్వార్టరు. పెళ్ళయి నాలుగేళ్ళయింది. మా ఆవిడ తన పాత నూలు చీరలు మూడు కలిపి కుట్టిన చిన్న బొంతను, ఏదో పొరపాటున సంచిలో వచ్చినట్టు, మంచం మీద పెట్టింది. పెద్దోడు దాన్ని చూశాడు, మడత పెట్టాడు, మళ్ళీ సంచిలోనే పెట్టాడు.

“జాగా కొన్నం. దాంట్ల ఇల్లు లేసి స్లాబు పడేదాక పిల్లల ముచ్చట తియ్యకే అమ్మా,” అన్నాడు.

“గట్లయితే ఉయ్యాల స్లాబుకు కడుతవా కొడుకా, దూలానికి కడితే ఊగదా? నువ్వు ఊగలేదా?” అంది మా ఆవిడ.

“నవ్వకు. మన తాత ఏం చేసిండు? పాతర నిండినంకనే గదా బాపును ఇంట్ల పండనిచ్చింది! సదువు రాకున్నా ఎంత ముందుసూపు గాయనకు. నేను గాయన మనుమడినే.”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి డ్యాం వైపు చూశాను. ఆ కథ వాడికి చెప్పింది నేనే. చిన్నప్పుడు అన్నం తిననని మూతి తిప్పుకున్నప్పుడల్లా పక్కన కూచోబెట్టుకుని, ముద్ద ముద్దకూ ఒక మాట కలిపి, వాడి తాత కథ చెప్పి తినిపించేవాణ్ణి. వాడు దాన్ని నా మీదికే తిప్పుతాడని అనుకోలేదు. తిరుగు బస్సులో ఆమె ఒకే మాట అంది: “నువ్వే చెప్పినవు, నువ్వే చూసుకో.” అందుకే రాస్తున్నాను.

నా ఈడువాళ్ళకు పాతర అంటే చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్ళెవరైనా చదివితే వాళ్ళకోసం చెబుతున్నాను. ఇంట్లోనో కొట్టంలోనో నేలలో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, అందులో జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తి పేడతో అలికేవాళ్ళం. మూతి ఒక మనిషి దూరేటంత, కడుపు మాత్రం బండెడు గింజలు మింగేటంత. రెండేళ్ళయినా గింజ చెడేది కాదు. అయితే మూసిన పాతరకు ఒక గుణం ఉంది. లోపల ఆవిరి పుడుతుంది. అది కంటికి కనబడదు, పీలిస్తే ప్రాణం తీస్తుంది. బండ తీసి పూటంతా వదిలేయాలి, గొంగడి వదిలి పైకీ కిందికీ ఆడించి గాలి మార్చాలి, ఆ తర్వాత తాడుకు దీపం కట్టి దించాలి. దీపం వెలుగుతుంటే మనిషి దిగాలి, ఆరిపోతే దిగకూడదు. ఇది అప్పట్లో మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

మా బాపుకు, అంటే పెద్దోడి తాతకు, నాకంటే ముందు ఇద్దరు పుట్టారు. ఒక కరువేడు ఇంట్లో గింజ లేక మా అమ్మకు పాలు ఎండిపోయి, ఇద్దరూ ఒకే నెలలో పోయారట. బాపు ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు. కానీ నాకు పెళ్ళి చేసి కోడల్ని ఇంటికి తెచ్చిన రోజునే, ఇంకా పసుపు బట్టలు మారకముందే, నన్ను కొట్టంలోకి తీసుకుపోయి ఎడ్లు నిలబడే చోటు చూపించాడు.

“గీడ పాతర తవ్వుదం. రెండేండ్ల జొన్నలు పడాలె. గది నిండేదాక నువ్వు మంచె మీద పండు, కోడలు మీ అమ్మ పక్కన పంటది.”

నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఏం చెప్పమంటారు! పెళ్ళాం ఇంట్లో, నేను చేన్లో మంచె మీద. వడిసెల పట్టుకుని పిట్టలను కొడుతూ, ఊరివైపు తిరిగి నిట్టూర్పులు విడుస్తూ ఒక పంట కాలం గడిపాను. ఆ నిట్టూర్పుల సెగకు చిలకలు ఎగురుతూ ఎగురుతూనే సొమ్మసిల్లి పడిపోయేవి, అందువల్ల ఆ ఏడు మా చేన్లో ఒక్క కంకి కూడా పోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూస్తే చాలు, “ఏమయ్యా, ఇంకెన్ని బస్తాలు తక్కువున్నయి?” అని అడిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఉగాది దాటాక పాతర నిండింది. బాపు దాని మీద బండ పెట్టి, అలికి, ఎడ్లను కట్టేసి, నా మొహం చూడకుండానే, “ఇగ ఇంట్ల పండుకో,” అని బయటికి పోయాడు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. అవి ఎలాంటి రోజులో మీకు తెలుసు. పగలు లెవీ గల్లా కోసం, అంటే సర్కారుకు కొలవాల్సిన ధాన్యం కోసం, లారీ వచ్చేది, చీకటి పడ్డాక ఆ సర్కారు మీద తిరగబడ్డ సంఘం పిల్లలు ఆకలితో వచ్చేవాళ్ళు. సంఘం పిల్లలకు మా అమ్మ రొట్టెలు చేసి పెట్టేది. లారీలో వచ్చేవాళ్ళకు ఏం పెట్టినా సరిపోయేది కాదు. మొదట గరిసెల్లోని గింజలు ఊడ్చుకుపోయారు, తర్వాత కుండలు బోర్లించారు, ఆ తర్వాత పక్క ఊళ్ళల్లో ఇనుప చువ్వలతో నేలంతా పొడిచి పాతరలు వెతుకుతున్నారని కబురు వచ్చింది. దొరికిన ఇంటి మనిషిని ఏం చేశారో ఆ కబురు తెచ్చినవాడు పూర్తిగా చెప్పలేదు. పొద్దున లేచి ఊరి బయటికి పోతే ఏదో ఒక దిక్కున పొగ కనబడేది. అది ఏ ఊరిదో గుట్టల ఆనవాళ్ళు చూసి లెక్కగట్టుకునేవాళ్ళం. కుక్కలు మొరగడం మానేశాయి. లారీ వస్తే అవి మనుషులకంటే ముందే గడ్డివాముల కిందికి దూరేవి, వాటిని చూసి మేం గుట్టెక్కేవాళ్ళం.

మా ఆవిడ కడుపుతో ఉంది. నెలలు పెరిగేకొద్దీ పాతరలో జొన్నలు తరిగాయి. గరిసెలు ఖాళీ అయ్యాక మాకు ఆ పాతరే దిక్కు. పదిహేను రోజులకొకసారి బాపు ఎడ్లను విప్పి, బండ తీసి, పూటంతా వదిలేసి, దీపం దించి చూసి, దిగి రెండు కుంచాల జొన్నలు తెచ్చి మళ్ళీ మూసేవాడు. చివరికి గింజలు మనిషి నిలువు కంటే లోతుకు పోయాయి. ఆ చోట నిలబడడానికి ఎర్రెద్దు మొరాయించేది. దానికి కింద బోలుగా ఉన్నట్టు తెలిసేదేమో. మా ఆవిడ మాత్రం, “మామా, గా ఎద్దు మంచిగ లేదు, నాకు బుగులైతాంది,” అనేది. బాపు దాని మెడ నిమిరి, “ఎద్దుకేం ఎరుక బిడ్డా, నువ్వు తిను, నీ కడుపులోనికే గివన్నీ,” అనేవాడు.

పోలీసు చర్యకు మూడు నెలల ముందు సంగతి. ఎండలు ఇంకా దిగలేదు. మా ఆవిడకు తొమ్మిదో నెల నిండింది. పొద్దు బారెడు ఎక్కింది. గుట్ట మీద కాపలా ఉన్నవాడు తువ్వాల ఊపాడు. చూస్తే తిరుమలగిరి దిక్కునుంచి ఎర్రగా దుమ్ము లేస్తోంది. ఊరు ఊరంతా లేచింది. పోయినసారి గుట్ట మీద నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. ఇంట్లో చూస్తే పిడికెడు గింజలు లేవు, ఆ రోజే పాతర తీయాల్సిన రోజు. మంత్రసాని అవ్వ మా ఆవిడను చేయిపట్టి నడిపించుకుంటూ ముందుగా పోయింది. బాపు ఎడ్లను విప్పాడు. ఇద్దరం బండను పక్కకు దొర్లించాం. పులిసిన వాసన మొహానికి కొట్టింది.

అమ్మ దీపం దించింది. నిలువు లోతు పోకముందే ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ దించింది. మళ్ళీ ఆరిపోయింది.

“జర ఆగయ్యా. గొంగడి ఆడిద్దాం, ఆవిరి ఎల్లనీ,” అంది అమ్మ.

“నేనాగుత. లారీ ఆగుతదానే?”

“నేను దిగుత బాపు,” అన్నాను.

“నీ పెండ్లానికి నువ్వు గావాలె. పక్కకు జరుగు. దీపం మెతకది, ఆరిపాయె. నేను మెతకోణ్ణా?” అని ఒక సంచి భుజాన వేసుకుని, తాడు నడుముకు బిగించి కట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని దిగాడు.

నేను తాడు పట్టుకుని వంద దాకా లెక్కపెట్టాను. కిందినుంచి గింజలు తోడే చప్పుడు వినబడింది. ఆ తర్వాత “లాగురా!” అని ఒక్క కేక. నేనూ అమ్మా లాగితే ముందు సంచి, దాని వెనక బాపు పైకి వచ్చారు. వచ్చీ రాగానే మూడు తుమ్ములు తుమ్మాడు. ఆ తుమ్ములకు కొట్టం పైకప్పు గూనపెంకులు రెండు జారి పడ్డాయి. మీసం చూస్తే కుడిసగం నల్లగానే ఉంది, ఎడమసగం మాత్రం ఆ ఆవిరికి సున్నం వేసినట్టు తెల్లబడిపోయింది. బండ మూసి, పేడ అలికి, ఎడ్లను కట్టేసి, సంచి భుజాన వేసుకుని గుట్ట వైపు పరుగెత్తాం. గుట్ట సగం ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే లారీ మా ఊళ్ళో ఆగనే లేదు. ఎవరి కోసమో తిన్నగా ముందుకు పోయింది, దాని దుమ్ము మాత్రం మా ఇళ్ళ మీద చాలాసేపు ఉండిపోయింది.

మూడో రోజు ఒక చరియ కింద పెద్దోడు పుట్టాడు. బాపు సంచిలోంచి ఒక జొన్నగింజ తీసి పసివాడి పిడికిట్లో పెట్టి, “నీకంటె ముందే నీ బువ్వ పుట్టిందిరా,” అన్నాడు. ఆ తర్వాత సైన్యం వచ్చింది, లారీలు పోయాయి, లెవీ పోయింది. బాపు మనవడితో ఆడుకుని, ఆ పై ఏడు నిద్రలోనే సుఖంగా కన్నుమూశాడు. మా పెద్దోడు ఇన్నేళ్ళుగా విన్న కథ ఇదే.

ఇప్పుడు మా ఊళ్ళో పాతర ఒక్కటి కూడా లేదు. గింజలు మిల్లునుంచి గోనెసంచుల్లో వస్తున్నాయి. కొట్టం ఉన్న చోట చిన్నోడు సిమెంటు గచ్చు పోయించాడు. పోయించేటప్పుడు కింద బోలు ఉందని కూలీలు అంటే, రెండు బండ్ల మొరం పోసి పూడ్చమన్నాను. పిల్లల్ని కనడానికి ఇప్పటివాళ్ళు జాగాలూ స్లాబులూ చూసుకుంటున్నారంటే నేను నవ్వలేను. ఆకలికి ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఏమీ లేకుండా కనండి అని ఏ నోటితో చెప్పను? కానీ ఎంత ఉంటే చాలు, ఎంతదాకా దిగాలి అన్నది నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇక ఒట్టు సంగతి. చిలకలు సొమ్మసిల్లిన మాట మీరెలాగూ నమ్మలేదు, దాన్ని వదిలేద్దాం. తాడు ఒక్కటే ఉండేది. బాపు దాన్ని నడుముకు కట్టుకోలేదు, సంచికి కట్టాడు. “లాగురా” అన్నది నిజం. సంచి పైకి వచ్చింది. విప్పి తాడు మళ్ళీ వదిలాను. ఎవరూ పట్టుకోలేదు. బాపూ బాపూ అని పిలిచాను. నేను కాలు లోపల పెట్టబోతే మా అమ్మ నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చి, పాతర మూతి మీద తానే అడ్డంగా పడుకుంది. లారీ చప్పుడు దగ్గరకు వచ్చాక తానే లేచి, “బండ మూయి,” అంది. మూశాను. అమ్మ అలికింది. ఎర్రెద్దును తెచ్చి అక్కడే కట్టేశాను. లారీ ఆగకుండా పోయిందన్నది నిజం. మేం నాలుగో రోజు దిగివచ్చాం. ఆ నాలుగు రోజులూ ఆ సంచిలో జొన్నలే అంబలి కాచుకున్నాం, మా ఆవిడకు పాలు పడ్డాయి, పెద్దోడు బతికాడు. పిడికిట్లో గింజ పెట్టింది నేను. ఆ మాట అన్నదీ నేనే. ఆ తర్వాత వాడు అన్నం తిననన్న ప్రతిసారీ, తింటాడు కదా అని, బాపును పైకి లాగాను.