బర్మా బెబ్బులి ఎడమచేతి సలామీ

1954 ఫిబ్రవరిలో మా కుస్తీ కంపెనీ కడప పని ముగించుకొని కర్నూలులో దిగింది. కంపెనీలో నా హోదా ‘మూడో తరగతి పహిల్వాను’. ఈ తరగతుల సంగతి బయటివాళ్లకు తెలియదు గనుక చెబుతాను. మొదటి తరగతివాడు గెలుస్తాడు. రెండో తరగతివాడు ఊరిని బట్టి ఒకచోట గెలిచి ఇంకోచోట ఓడతాడు. మూడో తరగతివాడు ఏ ఊళ్లోనైనా ఓడతాడు. మూడేళ్ల సర్వీసులో నేను ఒక్క కుస్తీ కూడా గెలవలేదు, ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

నా అసలు పేరు సామేలు. మాది కోడుమూరు పక్కన పల్లె. రెండెకరాల కొర్రచేను, ఆదివారం చర్చి, అంతే మా ఆస్తి. గోడకాగితాల మీద మాత్రం నేను ‘బర్మా బెబ్బులి’ని. నల్లగుడ్డ ముసుగు, కళ్లకు రెండు కంతలు. ముసుగు వేసుకున్నాక తెలుగు మాట్లాడకూడదన్నది మా మేనేజరు రత్నంగారు పెట్టిన నియమం. జనం నన్ను అచ్చతెలుగులో తిడుతుంటే అర్థం కానట్టు మిడిగుడ్లేసుకొని చూడాలి. కడపలో ఒక పెద్దాయన నేను రోజూ అడవిపందిని పచ్చిగా తింటానని పక్కాయనకు వివరంగా చెబుతుంటే విన్నాను. ఆ పూట నేను తిన్నది రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి.

కర్నూలు అప్పుడు కొత్త రాజధాని. కచేరీలకు కట్టడాలు చాలక గుమాస్తాలు గుడారాల్లో కూర్చుని ఫైళ్లు చూసేవారు. మేము గుడారం వేసిన మరునాడే ఒక రైతు అర్జీ పట్టుకొని వచ్చి, పొలం తగాదా చూసే దొర ఈడ కూర్చుంటాడా అని నన్ను అడిగాడు. ముసుగులో ఉన్నాను, తెలుగు రాదు, ఏం చెప్పను? చేత్తో పక్క గుడారం చూపించాను.

ఊరు తెలిసిన ఊరే. తెలిసిన ఊరు కాబట్టే నాకు గుబులుగా ఉంది. నేను కుస్తీ నేర్చింది కర్నూలు తాలింఖానాలో, మహబూబ్ వస్తాదు దగ్గర. ఆయన చిన్నప్పుడు పత్తిమిల్లులో పనిచేస్తూ కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి సలామీ ఎడమచేత్తో చేసేవాడు. సలామీ అంటే, గోదాలో దిగేముందు మట్టిని తాకి కళ్లకద్దుకోవడం. ఎడమచేయి అశుభమని మరే తాలింఖానాలోనూ ఒప్పుకోరు. మా వస్తాదు శిష్యులం మాత్రం పది వేళ్లూ ఉన్నా ఎడమచేత్తోనే చేసేవాళ్లం. అది మాకు గొప్ప.

బతుకుతెరువు కోసం తాలింఖానా వదిలేటప్పుడు ఆయన నాకు ఒకే మాట చెప్పాడు. “ఏం పనన్నా చేసుకో అప్పా. గోదాలో మాత్రం అబద్ధమాడొద్దు. ఆడితే నా గడప తొక్కొద్దు.” నేను ఎర్రగుంట్లలో నాపరాళ్లు లారీకెత్తే పనిలో కుదిరానని ఆయనకు కబురు పంపాను. రాళ్లెత్తడం కూడా ఒళ్లు గట్టిపడే పనే కదా అని సంతోషించాడట. మూడేళ్లు ఆ అబద్ధం మీదే నిలబడ్డాను.

ముందే మాట్లాడుకున్న కుస్తీని మావాళ్లు నూరా కుస్తీ అంటారు. ఏ రౌండులో, ఏ పట్టుకు, ఎవరు పడాలో మధ్యాహ్నం భోజనాల దగ్గరే తేలిపోతుంది. మధ్యవర్తి కూడా కంపెనీ మనిషే. కానీ కర్నూలు పెద్దలు గడుసువాళ్లు. ఇదంతా దొంగకుస్తీ అని ఊళ్లో పుకారు పుట్టడంతో, స్థానికుడు మధ్యవర్తిగా ఉంటేనే ఆట ఆడనిస్తామన్నారు. రత్నంగారు సరేనన్నారు. ఎవరా మధ్యవర్తి అని ఆరా తీస్తే మహబూబ్ వస్తాదు.

పరుగున పోయి, ఆయన నన్ను ఎరుగును, ఈ పూట నన్ను తప్పించండి అని రత్నంగారిని బతిమాలాను. ఆయన తాపీగా తమలపాకు ఈనె తీస్తూ, నువ్వు బర్మావాడివి, కర్నూలు వస్తాదు నిన్ను ఎట్లా ఎరుగుతాడు అన్నారు. ముసుగు ముళ్లు ఇంకొంచెం బిగించుకోమని సలహా కూడా ఇచ్చారు.

నా జోడీ ఓబులేసు. బద్వేలు దగ్గర పల్లెవాడు, గోడకాగితంలో ‘నల్లమల సింహం’. ఎద్దులతో బావినీళ్లు తోడే కపిల తోలి తోలి బలిసిన భుజాలు, అమాయకపు మొహం, నాకంటే చిన్నవాడు. ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు. మూడో రౌండు మొదట్లో వాడు ధోబీపాటు వేయాలి. చాకలి బండ మీద బట్ట బాదినట్టు భుజం మీదుగా తిప్పి కొట్టే పట్టు అది. నేను వెల్లకిలా పడాలి. రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తు, ఆట సరి.

పడటం కూడా విద్యే. గడ్డం రొమ్ముకు ఆనించాలి, వీపు గుండ్రంగా వంచాలి, భుజం తగిలే క్షణానికి అరచేత్తో నేలను కొట్టాలి. పలకల మీద గడ్డి పరిచి పైన టార్పాలిన్ కప్పేవాళ్లు కాబట్టి ఆ దెబ్బకు గుడారమంతా అదిరేది. చప్పుడెంత పెద్దదైతే మనిషికి తగిలేది అంత తక్కువ. నా చప్పుడుకు కంపెనీలో మంచి పేరుండేది.

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టారు. తాడు దాటి లోపల అడుగుపెట్టాను. అప్పుడే కొంప మునిగింది. మధ్యలో తెల్లటి పాగాతో వస్తాదు నిలబడి ఉన్నాడు. ఆయనను చూడగానే నా నడుము దానంతటదే వంగింది. ఎడమచేయి దానంతటదే టార్పాలిన్‌ను తాకి కళ్ల దాకా వచ్చేసింది. మూడేళ్లుగా ఏ ఊళ్లోనూ చేయని పని.

వస్తాదు మొహంలో ఏ మార్పూ లేదు. ఒంటికి నూనె రాసుకున్నారా, గోళ్లు పెంచుకున్నారా అని చూడటం మధ్యవర్తి పని. ఆ వంకన నా దగ్గరికి వచ్చి ముసుగు మీదుగానే నా ఎడమచెవి తడిమాడు. ఆయన గోదాలో నలిగి ముద్దయిన చెవి అది. తర్వాత నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

“బర్మా శానా దూరమప్పా. పోయి ఎన్నాళ్లాయ?”

నాకు తెలుగు రాదు కదా, మిడిగుడ్లేసుకొని చూశాను.

రెండు రౌండ్లు ఎలా నడిచాయో నడిచాయి. మూడో రౌండులో ఓబులేసు అనుకున్నట్టే ధోబీపాటు వేశాడు. నేను అనుకున్నదానికంటే గొప్పగా పడ్డాను. గుడారం దద్దరిల్లింది. జనం ఈలలు వేశారు. వస్తాదు మోకాళ్ల మీద కూర్చుని మూడువేళ్ల చేయి నా భుజం కిందికి దూర్చి, “గాలి ఉండాది. లే” అన్నాడు.

లేచాను. ఓబులేసు మళ్లీ ఎత్తి వేశాడు, మళ్లీ పడ్డాను. వస్తాదు మళ్లీ చేయి దూర్చాడు, మళ్లీ గాలి ఉందన్నాడు. ఓడిపోదామని వచ్చినవాణ్ణి ఓడనివ్వని మధ్యవర్తిని నా సర్వీసులో ఆయన్నొక్కణ్ణే చూశాను. ఓబులేసు రొప్పుతూ నా మెడ పట్టి చెవిలో గొణిగాడు.

“అన్నా, ఏంటికి లేస్తాండావ్?”

“నేనేడ లేస్తాండా? ఆయప్ప లేపుతాండాడు.”

మూడోసారి పడ్డప్పుడు వస్తాదు నా మొహం మీదికి వంగాడు. “సామేలూ, ఉత్తుత్తిగా పడితే రేపు పొద్దు పొడిచేదాకా నేను చెయ్యెత్తను. ఒక్కసారి నిజంగా పట్టు” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

నిజంగా పట్టి గెలిస్తే ఉద్యోగం పోతుంది. పట్టకపోతే వస్తాదు గడప పోతుంది. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందనుకున్నాను. ఓబులేసు మణికట్టు బిగించి, ఇక మీద నిజం అని చెప్పాను.

“మేనేజరుకు ఎవురు చెప్తారు?” అన్నాడు వాడు.

“గెలిచినోడు చెప్తాడు” అన్నాను. గెలిచేది నేనేనని నాకు అనుమానం లేదు. తాలింఖానాలో నేర్చినవాణ్ణి నేను, వాడు కపిల తోలినవాడు.

మంచి పట్టే దొరికింది. కుడికాలు వాడి కాళ్ల మధ్యకు వేసి నడుము లాగాను. వాడు తూలాడు. ఇంకొక్క గుంజు గుంజితే ఐపోయేది. సరిగ్గా ఆ క్షణంలో నా గడ్డం వెళ్లి రొమ్ముకు ఆనుకుంది. వీపు గుండ్రమైంది. అరచేయి తెరుచుకొని నేలను కొట్టడానికి సిద్ధమైంది. నన్నెవరూ వేయకముందే నా ఒళ్లు పడటానికి తయారైపోయింది! నేను దాన్ని బలవంతాన నిటారుగా చేసుకునేలోగా ఓబులేసు నా నడుము దొరకబుచ్చుకొని, బావిలోంచి బాన లాగినట్టు లాగి నేలకేశాడు. అరచేతికి అవకాశమే దొరకలేదు. చప్పుడు లేదు. రొమ్ములో ఊపిరి మాత్రం బయటికి పోయింది.

వస్తాదు చేయి దూర్చబోయాడు. దూరలేదు. లేచి ఓబులేసు చెయ్యెత్తాడు.

రత్నంగారు తెర వెనక నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. మూడుసార్లు బ్రహ్మాండంగా పడి ఆఖరుసారి మూటలా పడతావా, చప్పుడేది అన్నారు. నా సర్వీసులో నేను నిజంగా ఓడిన కుస్తీ అదొక్కటే. దానికే మెమో ఇచ్చినంత పని చేశారు.

అంతలో వస్తాదు లోపలికి వచ్చాడు. రత్నంగారిని బయటికి పొమ్మన్నట్టు ఒక చూపు చూసి, ఆయన పోయాక నా ముసుగు ముడి తానే విప్పాడు. నేను కాళ్ల మీద పడబోతే పట్టుకొని ఆపాడు.

“ఇంతసేపూ పడినావ్. ఇప్పుడు ఓడినావ్. తెల్లారి ఐదింటికి రా. పార ఆడనే ఉండాది” అన్నాడు.

మా తాలింఖానాలో ఓడినవాడు మరునాడు తెల్లవారుజామున గోదా మట్టి తవ్వి గుల్ల చేయాలి. అది శిక్షే. కానీ బయటివాడు ఓడితే మంచినీళ్లిచ్చి సాగనంపుతారు. పార ఇచ్చేది తాలింఖానా మనిషికే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నా నడుము విరిగిందేమోనని ఓబులేసు కంగారుపడి కట్టు కట్టడానికి గుడ్డ కూడా తెచ్చాడు.

కర్నూలులో ఉన్న పదిహేను రోజులూ తెల్లవారుజామున గోదా తవ్వి కుస్తీ పట్టాను. సాయంత్రం గుడారంలో మామూలుగా పడ్డాను. మొదటి ఆటతోనే ఊరి పెద్దల అనుమానం తీరింది గనుక ఆ ఆటలకు వస్తాదు రాలేదు, మధ్యవర్తిగా మళ్లీ కంపెనీ మనిషే నిలబడ్డాడు. పడటం నా ఉద్యోగమని వస్తాదు ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. అక్కడ సలామీ చేయొద్దన్నాడు.

నేర్చుకున్నది చెప్పమంటే ఇంతే. ఒంటికి రోజూ ఏది అలవాటు చేస్తే అవసరానికి అదే అందిస్తుంది, మనం అడిగింది అందించదు. నేను గెలుపు అడిగితే మూడేళ్ల అలవాటు నాకు పడటాన్ని అందించింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు అదే తరగతిలో పనిచేసి రిటైరయ్యాను. ఏ ఊరు వెళ్లినా ముందు తాలింఖానా ఎక్కడుందో కనుక్కునేవాణ్ణి. తాడు దాటేటప్పుడు మాత్రం ఎడమచేయి లంగోటాలో దోపుకొని దాటేవాణ్ణి.