గుర్రం బొమ్మ పుస్తకం ముందు

జగ్గయ్యపేటలో మా అమ్మాయికి మాయల మాంత్రికుల నవలల సెట్టు మొత్తం తెప్పించాను. "ఏది ముందు చదవాలమ్మా?" అంది. రచయిత వేసిన వరస వెనక పేజీలో ఉంది. అది నాకక్కర్లేదు. "గుర్రం బొమ్మది," అన్నాను.

చిన్నప్పుడు నందిగామలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి నేను తెచ్చుకున్న వరస అది. మా అమ్మ ఆదివారం చర్చి మానని మనిషి. అట్ట మీద దెయ్యం బొమ్మ ఉంటే ఆ పుస్తకాన్ని గడప దాటనిచ్చేది కాదు. అందుకే ముందు గుర్రం, తర్వాత రాకుమారి, ఆ తర్వాత కోట. అమ్మకి చదువు రాదు. మిరపకాయల తొడిమలు తీస్తూ "పైకి చదవవే" అనేది.

కోట అయిపోయింది. "ఇంక దెయ్యాలవే ఉన్నాయమ్మా," అన్నాను. మూడోరోజు అమ్మ గోడ మీది చర్చి క్యాలెండరులో అయిపోయిన నెల చింపింది.

"తీసుకురా. అట్ట నేనేస్తా. ఆ రాకుమారి పిల్ల బతికిందో లేదో తెలియాలిగా!"

ఇప్పుడు మా అమ్మాయి గుర్రాన్ని పక్కన పెట్టి, దెయ్యం బొమ్మదే తీసుకుంది. మనసులోనే చదువుకుంటోంది. ఎంతసేపని ఊరుకోను?

"పైకి చదవవే," అన్నాను.