మారు పలకని నోరు

మా మేనత్త జ్ఞానమ్మగారు గడచిన నెలలో ఒక శుక్రవారంనాడు, గుడిలో మధ్యాహ్నపు గంట మోగిన కాసేపటికి, పుదుచ్చేరిలో వైతికుప్పం బెస్తపేట పక్కనున్న తమ ఇంట్లో ప్రభుసన్నిధి చేరారు. ఇక్కడా, సముద్రానికి అవతల పెనాంగులోనూ ఆమె చేతులమీదుగా లోకం చూసిన బిడ్డలకూ, ఆ బిడ్డల తల్లులకూ ఈ వార్త అశనిపాతం. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, పది రోజుల జ్వరం, దక్కదని అందరికీ తెలుసు. తెలిసినా దిగ్భ్రాంతి దిగ్భ్రాంతే. ఆమె పుణ్యచరితను రాయమని పత్రికవారు కోరినప్పుడు, ఆ రోజు ఆమె మంచం పక్కన నేను చేసిన పని కూడా రాయాలి, లేదంటే కలమే ముట్టకూడదు అనుకున్నాను. మహనీయుల గురించి రాసే నెపంతో తనను తాను గొప్పచేసుకునేవారిని చూశాను. నాకు ఆ అవకాశం లేదు.

ఇకమీదట అత్త అనే రాస్తాను. 'గారు' అంటే ఆమె పగలబడి నవ్వేది.

తరతరాలుగా ఈ పట్టణంలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం మాది; ఇంట్లో తెలుగు మాట, గుడిలో తమిళ జపం. అత్త పెళ్ళాడి, రేవులో గిడ్డంగి కావలిపనిలో ఉన్న భర్త వెంట పెనాంగు వెళ్ళింది. ఆరేళ్ళకే ఆయన పోయాడు. అందరూ తిరిగి రమ్మన్నారు. ఆమె రాలేదు, మంత్రసాని పని పట్టుకుంది. చీనాదేశపు దక్షిణ తీరం నుంచి వలస వచ్చి అక్కడ అంగళ్ళు పెట్టుకున్న హొక్కియెన్ జనం వీధుల్లో, వాళ్ళ ఆడవాళ్ళ పురిటి గదుల్లో, వాళ్ళ భాష నేర్చుకుంది. నొప్పి, ఓర్చుకో, ఊపిరి పట్టు, ఆడపిల్ల, మగపిల్లాడు, ఏడవకు: ఇవీ ఆమె మొదటి పాఠాలు. జపాలు ఆ తర్వాత వచ్చాయి. సువార్తను ఇంత కింది మెట్టు నుంచి మొదలుపెట్టినవారిని నేను మరొకరిని ఎరుగను.

ఆమె పద్ధతి విచిత్రం. ఒక లాంతర్ల అంగడివాడి తల్లి, గోడమీది పూర్వీకుల పేర్ల పలక ముందు ధూపం వెలిగిస్తూ, "మీ దేవుడికి మా పెద్దలంటే కోపమంట గదా!" అని నిలదీసింది. అత్త, అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డు కోస్తూ, "నాకు తెలీదమ్మా, ఆయన్నే అడిగి చెప్తాను. ముందు నీ కోడలికింత గంజి పొయ్యి" అంది. ముసలామె నవ్వేసింది. మూడేళ్ళ తర్వాత తానే కబురు పెట్టి జపం అడిగింది. "ఏం కోరి జపించాల?" అని అడగకుండా అత్త ఎవరి గడపలోనూ మోకరించలేదు. కోరిక వాళ్ళది, మోకాళ్ళు నావి అనేది.

నేను ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగం లేక పెనాంగు చేరి, నాలుగేళ్ళు ఆమె ఇంట తిన్నాను. వెళ్ళిన వారానికే నాకు ఒక పని అప్పజెప్పింది. మన మంగళవార్త జపానికి రెండు సగాలున్నాయి కదా. ముందు సగం ఒకరు చెబితే, "పాపాత్ములమైన మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించుము" అనే వెనక సగం తక్కినవారు మారు పలుకుతారు. ఇంకా విశ్వాసంలోకి రాని ఇళ్ళలో ఆమెకు మారు పలికేవారు లేరు.

"ఒక్క నోటితో జపం కాదురా రాయప్పా. మారు పలికే దిక్కుండాల. నేర్చుకో" అంది.

"చీనా మాట నాకు యాడ వచ్చేది అత్తా!"

"నాకు వచ్చింది గదా, నువ్వేమన్నా పొడిచినోడివా? మూడు పూట్లా తింటాండావు, ముప్పై మాటలు రావా?"

అలా నేర్చుకున్నాను. "థియన్‌చూ సెంగ్‌బో మాలియా", దేవుని తల్లి మరియమ్మా, అని మొదలవుతుంది ఆ సగం. నా ఉచ్చారణకు బాలెంతలు దుప్పటి నోట కుక్కుకుని నవ్వేవారు. నవ్వినా నన్ను పిలిచేవారు. లాంతర్ల అంగడి ముసలామె పోయిన రోజు అత్త ముందు సగం చెప్పింది, నేను మారు పలికాను. ఆ ఆడవాళ్ళలో అప్పటికి ఒక ఆచారం ఏర్పడింది. ఎవరైనా పోతే, చివరి మారు పలికిందెవరని అడిగేవారు. పలికినవాడికి ఆ ఇంట మొదటి గిన్నెడు తేనీరు ఇచ్చి చేతులు జోడించేవారు. పోయే ప్రాణం ఆ మాట పట్టుకునే పోతుందని వాళ్ళ నమ్మకం. ఆ తేనీరు నేను తాగాను.

తర్వాత పుదుచ్చేరి వచ్చి సర్కారు కచ్చేరిలో గుమాస్తానయ్యాను. ఇంగువ కట్టిన గుడ్డలా ఆ పెనాంగు వాసన నన్ను వదలదేమోనని భయం పట్టుకుంది. పెద్ద వర్తకుల కొఠీలో ఉత్తరాలు రాసేవాణ్ణని చెప్పుకున్నాను. చీనావాళ్ళ పురిటి గదుల బయట చాపమీద మోకరించేవాణ్ణని చెప్పలేదు. అత్త కూడా ముసలితనంలో తిరిగివచ్చి వైతికుప్పం పక్కన ఇల్లు తీసుకుంది. బెస్తల ఇళ్ళలో పురుళ్ళు పోసేది. బిడ్డకు నెల నిండగానే, పెనాంగులో చేసినట్టే, ఒక కోడిగుడ్డు ఉడికించి ఎర్రరంగు పూసి తీసుకెళ్ళేది. "ఇదేంది అవ్వా?" అంటే, "నెల బతికినాడు గదా, పండగ" అనేది.

రెండేళ్ళ కిందట రేవులో లంగరు వేసిన ఓడ నుంచి ఒక హొక్కియెన్ నావికుణ్ణి, జ్వరంతో ఉన్నవాణ్ణి, పడవలో ఒడ్డుకు తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. అతని మాట ఎవరికీ అర్థం కాలేదు. మా కచ్చేరి దొర నన్ను పిలిచి ఫ్రెంచిలో అడిగాడు: "నువ్వు పెనాంగులో ఉన్నావు కదా, వాళ్ళ భాష వచ్చునా?"

గది నిండా తోటి గుమాస్తాలు. ఒకడు అప్పటికే ముసిముసి నవ్వులు నవ్వుతున్నాడు. పై తరగతి ఉద్యోగానికి నా పేరు పరిశీలనలో ఉంది. "రాదు, ముసే" అన్నాను. చాలా తేలికగా అన్నాను.

వైతికుప్పం మనిషి ఒకామె ఆసుపత్రిలో బట్టలుతికేది. ఆమె వెళ్ళి అత్తకు చెప్పింది. ఆ మర్నాడు దొర వెంట కాగితాలు మోసుకుని నేను ఆసుపత్రికి వెళ్తే, అత్త గంజిముంతతో ఆ మంచం పక్కన కూర్చునుంది. ఏం కోరి జపించాల అని అతన్ని అడిగింది. నేను బతికున్నానని మా అమ్మకు తెలియాలి అన్నాడతను. నాకు ప్రతి మాటా అర్థమైంది. అత్త ముందు సగం చెప్పి, అలవాటుగా ఆగింది. తలెత్తి వాకిట్లో ఉన్న నన్ను చూసింది. నేను కాగితాలు చూసుకున్నాను. ఆమె ఇంకాసేపు ఆగి, వెనక సగం కూడా తానే చెప్పుకుంది.

"ఏమంటోంది ఆమె?" అన్నాడు దొర. "తెలియదు, ముసే" అన్నాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే చేపలు తోముతోంది.

"ఏందిరా వాకిట్లోనే నిలబడినావు, లోపలికి రా. కోడి ఇంకా కూయలేదా?" అంది. రాయప్ప అంటే, కోడి కూసేలోగా ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు కదా! చచ్చినంత సిగ్గయింది. నా ముఖం చూసి ఆమే మెత్తబడింది. "సిగ్గుపడినావు, పడితే పడినావు పో. ఆ పిల్లోడికి నేనుండాను. నా సావుకాడ మాత్రం సిగ్గుపడబాక. తమిళంలో పలికేదానికి శానామంది ఉంటారు. ఆ పొద్దు నా నోరు యా బాసలో తిరుగుతాదో నాకే తెలీదు. అది తిరిగితే ఈ ఊళ్ళో నువ్వొక్కడివే."

"పలుకుతానత్తా" అన్నాను.

"ఒట్టు ఎయ్యబాక. వచ్చి పలుకు, సాలు."

ఆ నావికుడు కోలుకున్నాడు. అతని తల్లికి ఉత్తరం రాయించి, ఓడెక్కేదాకా రేవులో నిలబడింది అత్త. అతను జ్ఞానస్నానం అడగలేదు, ఆమె ఒత్తిడి చెయ్యలేదు. అన్నాళ్ళూ ఆమె చేసిన సేవ చూసి మా దొరకు ఆమె మీద అపారమైన గౌరవం కలిగింది. అందుకే, ఆమెకు అవసానమని విని ఆ శుక్రవారం సతీసమేతంగా, పూలు పట్టుకుని ఆ చిన్న ఇంటికి వచ్చాడు. వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు.

రెండు రోజులుగా అత్త తమిళం, తెలుగు రెండూ విడిచేసింది. ఆ పూట గుడి స్వాములవారు తైలం పూసి, చివరి ఘడియల్లో ఇచ్చే అవస్థాభ్యంగం ముగించారు. అప్పుడు ఆమె కళ్ళు తెరిచి, స్పష్టంగా, హొక్కియెన్‌లో ముందు సగం చెప్పింది. ఆగింది.

"జరంలో ఏందో పలవరిస్తా ఉంది" అంది మా పెదనాన్న కూతురు. చుట్టాలు తమిళంలో మారు పలికారు. అత్త తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు ఆమె చూపు గది అంతా వెతికి నా మీద నిలిచింది. నిష్ఠూరం లేదు అందులో. పెనాంగులో నేను అన్నం వేళకు ఆలస్యంగా వస్తే చూసే చూపది.

ముప్పై మాటలు. నాకు ఒక్కటీ మరుపు లేదు. కానీ నోరు విప్పితే, పక్కనున్న దొరకు నా అబద్ధం తెలిసిపోతుంది. ఇది రాస్తుంటే నా చేతిమీద నాకే అసహ్యం వేస్తోంది. తల వంచుకున్నాను.

నాలుగోసారి ఆమె నాకోసం ఆగలేదు. ఆసుపత్రిలో చేసినట్టే వెనక సగం కూడా తానే ఎత్తుకుంది. ఊపిరి చాలలేదు. 'ఇప్పుడును' అనే మాట దాకా వచ్చింది. 'మరణ సమయమందును' అనే మాట మిగిలిపోయింది.

మట్టి చేసేటప్పుడు వైతికుప్పం తల్లులు ఎర్రరంగు పూసిన గుడ్లు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. బిడ్డ పుట్టుకకు పెట్టేది చావుకు పెట్టకూడదని చెప్పేవారెవరూ లేరు అక్కడ. నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఆమెకు అదే నచ్చేదనిపించింది.

మొన్న పెనాంగు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు ఎవరిచేతనో ఫ్రెంచిలో రాయించారు. 'మా అమ్మ చివరి జపానికి మారు పలకడానికి మీరున్నారని తలచుకుని ఊరట పొందుతున్నాము. ప్రతిదినం జపం చివర మీ పేరు చెప్పి కృతజ్ఞత చెల్లిస్తున్నాము. మీ వంతు తేనీరు ఒక గిన్నెలో పోసి పెడుతున్నాము' అని ఉంది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా దొర గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. భాష వచ్చుననీ, రెండుసార్లు అబద్ధమాడాననీ. ఆయన, "నేను అడిగానా? నాకు జ్ఞాపకం లేదే" అన్నాడు. నిజంగానే జ్ఞాపకం లేదు. దేనికి భయపడి ఆమె ప్రాణాన్ని మారు లేకుండా పంపానో, అది ఆ మనిషి మనసులో ఒక్క పూటైనా నిలవలేదు.

పెనాంగు తల్లులారా, మీ ఉత్తరానికి జవాబు రాశాను. నేను పలకలేదు, ఆ తేనీరు పారబోయండి అని రాశాను. మా బంధువుల్లో తెలుగు మాట్లాడేవారే గాని లిపి చదవగలవారు తక్కువ. కనుక ఈ వ్యాసం అచ్చులో దాక్కోకుండా వాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను.

జ్ఞానమ్మత్త వంటి విశ్వాసధీర ఈ పట్టణానికి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే ఎరుక. నిన్న ముప్పయ్యోనాటి పూజ అయ్యాక, సమాధి దగ్గర అందరూ చూస్తుండగా, గట్టిగా, తప్పు లేకుండా, ఆ ముప్పై మాటలూ పలికాను. ఎవరూ నవ్వలేదు. పలికి, పెనాంగులో నాలుగేళ్ళపాటు అబ్బిన పాత అలవాటున, తర్వాతి జపం ముందు సగం కోసం ఆగాను. చాలాసేపు ఆగాను.