సముద్రం వేడెక్కితే మామ చేసే ఫోను

పోయిన నెలలో ఒక పొద్దున అత్త ఫోన్ చేసి మామ పోయాడని చెప్పింది. నిద్రలోనే పోయాడట. "పోయేముందు ఏమన్నాడు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. నిద్రలో పోయిన మనిషి ఏమంటాడు?

మా అమ్మకు తమ్ముడాయన. సముద్రానికి ఎంతో దూరాన, నగర్తపేట బజారులో టార్పాలిన్ల టోకు వ్యాపారం. తుపాను వస్తుందంటే కోస్తా నుంచి ఆర్డర్లు వచ్చేవి. అందుకే దసరా దాటిందంటే రోజూ ఫోన్లో బంగాళాఖాతం నీటి వేడి ఎంతుందో చూసుకునేవాడు. "నీళ్లు కాగితేనే తుపానుకు బలమప్పా. దాని కూడు అదే," అనేవాడు. సముద్రాన్ని మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

నీళ్లు వేడెక్కాయని తెలిస్తే ఆయన సంతోషించేవాడో భయపడేవాడో నాకు అర్థమయ్యేది కాదు. ఒకపక్క లారీ మాట్లాడేవాడు. ఇంకోపక్క బాపట్ల దగ్గర తీరంలో సరుకు కొనే దుకాణదారుకు ఫోన్ చేసేవాడు. "పిల్లోళ్లను తీసుకోని టౌనుకు పోండప్పా. సరుకు మాట ఆమీద."

ఒకసారి ఆ మాట విని వాళ్లు దుకాణం మూసి వెళ్లిపోయారు. అయితే అంతకుముందే వెళ్లిన తుపాను ఒకటి సముద్రాన్ని చిలికి, అడుగునున్న చల్లటి నీళ్లను పైకి తెచ్చిందట. వెనకాల వచ్చిన తుపాను ఆ చల్లదనం మీదికి రాగానే నీరసించింది. నాలుగు చినుకులు రాలాయి, అంతే. దుకాణదారు కోప్పడ్డాడు. సరుకు గోడౌన్లోనే ఉండిపోయింది. మామ మైసూర్ పాక్ తెచ్చి అందరికీ పంచాడు.

"నష్టమొస్తే స్వీట్లేంది మామా?"

"నాకూ తెలీడం లేదప్పా. తిను."

మరుసటి ఏడు సముద్రం మళ్లీ కాగింది. మామ ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "చెప్తే మళ్లా తప్పయితాదేమో. చెప్పకుంటే..." అన్నాడు. చివరికి చేశాడు. అవతలివాళ్లు గొణుక్కుంటూనే కదిలారు.

ఈసారి వాళ్ల ఇంటి కప్పు ఎగిరిపోయింది. ఉప్పెన నీళ్లు దుకాణంలో నడుములోతు నిలిచాయి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ టార్పాలిన్లు కావలసి వచ్చాయి. లారీకి సరుకెత్తుతుంటే మామ ఒక కట్ట మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడు వ్యాపారం బాగా జరిగింది. ఆ కన్నీళ్లు ఎందుకో మీకెవరికైనా అర్థమైతే చెప్పండి. నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దకర్మ రోజున ఆ దుకాణదారు వచ్చాడు. ఇన్నేళ్లలో ఇద్దరూ ఫోన్లో గొంతు వినడమే తప్ప ఎన్నడూ కలుసుకోలేదు. దండ వేసిన ఫొటో ముందు నిలబడి, నావైపు తిరిగాడు.

"ఈయనేనాండీ? బాగా పొడుగు మనిషనుకున్నానండీ."

"ఈయనే," అన్నాను.

నమ్మకం కుదరనట్టు కాసేపు చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని, ఒక చెవిని ఫొటో వైపు కొంచెం వంచి, అలాగే నిలబడ్డాడు.