ఎడమ స్పీకరు

వీధిలో ఆయన్ని అందరూ కేకలాయన అంటారు. పాపం, కోపిష్ఠేమీ కాదు. నూలు మిల్లులో అన్నేళ్లు పనిచేసిన మనిషి మెల్లగా మాట్లాడటం మరిచిపోతే ఆయన తప్పేముంది? ఆ యంత్రాల హోరులో గొంతు చించుకున్నా పక్కవాడికి చేరదు. ఎదుటివాడి పెదవులు, చేతిసైగలు చూసి పని జరుపుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చినా ఆ హోరు చెవుల్లో తిరుగుతూనే ఉండేది. భార్య పెట్టింది తిని, గోడకు చేరగిలబడి ఒకే మాట అనేవాడు: మిల్లు మానేశాక ఒక గది, ఒక కుర్చీ, రెండు స్పీకర్లు. ఇక నన్నెవరూ పలకరించొద్దు అని.

ఆ కోరిక వెనక ఒక సంగతుంది. మిల్లులో చేరకముందు ఒక స్నేహితుడి గదిలో పాట విన్నాడు. స్పీకర్లు చెరోపక్కా ఉన్నాయి. పాడే మనిషి గొంతు మాత్రం రెండింటి నడుమ, ఏమీ లేని చోటు నుంచి వచ్చింది. అక్కడెవరో కూర్చుని పాడుతున్నట్టే ఉంది. చచ్చేలోగా ఆ గొంతు మళ్లీ ఒక్కసారి నడుమన నిలబడితే చాలనుకున్నాడు. బతుకును ఆయన అడిగింది అదొక్కటే.

మిల్లు మానేశాడు. సామాన్ల గది ఖాళీ చేయించాడు. ఆ పాత సామానంతా మంచాల కిందా అటకల మీదా సర్దే చాకిరీ ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా? స్పీకర్ల కొట్టాయన గది కొలతలు విని, ఇంత ఇరుకు గదికి చిన్న స్పీకర్లే చాలన్నాడు, పెద్దవి పెడితే మోత గోడలకు తగిలి గుంయ్‌మంటుందన్నాడు. వింటేగా! మనిషి నడుమంత ఎత్తువి రెండు మోయించుకొచ్చాడు. మొదటి పాటకే అటక మీద గిన్నెలు దడదడలాడాయి. కిక్కురుమనకుండా వెళ్లి చిన్నవి మార్చుకొచ్చాడు.

ఇక సర్దుడు మొదలైంది. వాటిని మూలల్లోంచి ముందుకు జరిపాడు. స్టూళ్లెక్కించి చెవి ఎత్తుకు తెచ్చాడు. వాటి మధ్య ఎంత ఎడముందో కుర్చీనీ అంత దూరంలోనే వేశాడు. మొహాలు కాస్త లోపలికి తిప్పాడు. వెనక గోడకు పాత దుప్పటి కట్టాడు. గుంయ్ పోయింది గాని గొంతు నడుమకు రాలేదు. కుడి స్పీకరును పట్టుకుని వేలాడుతోంది. ఎడమది బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. జరపగా జరపగా ఆయనకు నడుం పట్టేసింది. భార్యకు నేల తుడవగా తుడవగా విసుగొచ్చింది.

చివరికి ఎడమ స్పీకరును సంచిలో వేసుకుని కొట్టుకెళ్లి నానా మాటలూ అన్నాడు. కొట్టాయన దాన్ని మోగించి చూపించాడు. నిక్షేపంలా ఉంది. ఇంటికొచ్చి మళ్లీ బిగించాడు. మళ్లీ అదే వరస. ఒళ్లు మండి, వాటి మొహం చూడబుద్ధి గాక, కుర్చీని వెనక్కి తిప్పి గోడకేసి కూర్చున్నాడు.

ఇన్నాళ్లూ మూగగా ఉన్న ఎడమ స్పీకరు కాస్తా ఇప్పుడు కుడి పక్కన ఖణేల్మంది. రెండోది మూగబోయింది.

ఆయన కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. పాట దాదాపు ఆగిపోయినట్టయింది. మిల్లులో తన యంత్రం ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేదని గుర్తొచ్చింది. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు, ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు.

భార్య కాఫీ తెచ్చి కుడివైపు నిలబడింది.

"నా ఎడమ చెవి పోయిందే," అన్నాడు.

"తెలుసు," అందావిడ.

పెద్దాడు బడికెళ్లే రోజుల నుంచే తెలుసట. పడుకున్నా, నడిచినా, పక్కన కూర్చున్నా, ఆయనతో మాట్లాడాలంటే ఆవిడ ఎప్పుడూ కుడివైపే. అది ఆవిడ అలవాటనుకున్నాడు ఇన్నాళ్లూ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ పని మానేసేవారా? మానేస్తే మనకు గడిచేదా?" అంది. కాఫీ కింద పెట్టి, "అయినా నాకూ పనికొచ్చింది లెండి. మీతో చెప్పలేనివి ఆ ఎడమవైపు కూర్చుని చెప్పుకునేదాన్ని," అంది.

ఆయనకు నవ్వొచ్చింది. "తిట్టేదానివా?"

"మొదట్లో తిట్టాను. తర్వాత దానికీ ఓపిక లేకపోయింది. అలిసిపోయానండీ అనేదాన్ని. అంతే. రోజూ అదే."

ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి పాట ఆపేశాడు. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. రెండోది వెయ్యాలని ఆయనకెన్నడూ తట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. తను ఆవిడకు ఎడమ పక్కన, కుడి చెవి ఆవిడవైపు ఉండేలా నేల మీద చతికిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు. మెల్లగానే అందామనుకున్నాడు గాని, కేకలాగే వచ్చింది.