ప్రార్థన కూటం రోజు ఫుట్‌బాల్ మ్యాచ్

మా మామగారు మైలవరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముందుగా ఫోన్ చెయ్యకుండా బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఫ్లాట్‌కి ఎప్పుడూ రారు. ఆ శుక్రవారం మాత్రం చేతిసంచితో మధ్యాహ్నానికే దిగారు. మలేసియాలో కొన్నేళ్లుగా ఆగిపోయిన ఆహ్వాన ఫుట్‌బాల్ టోర్నమెంటు మళ్లీ మొదలైందట. సాయంత్రం ఇండియా మ్యాచ్. వాళ్లింట్లో టీవీకి ఆ ఛానెల్ రాదు.

"నాన్నా, ఇవాళ మనింట్లో ప్రార్థన కూటం. సాయంత్రం అందరూ వస్తారు," అంది మా ఆవిడ.

ఆయన మొహం చిన్నబోయింది. "అలాగా? సరేలేమ్మా, వాళ్లొచ్చేదాకా చూసి కట్టేస్తాను."

సగం ఆట అయ్యేసరికి మనవాళ్లు వెనకబడ్డారు. అప్పుడే పాస్టరుగారూ మిగతావాళ్లూ వచ్చారు. మామగారు టీవీ కట్టేసి, అందరికంటే ముందు చాప మీద కూర్చున్నారు. పాటలయ్యాయి, వాక్యమయింది. ముగింపు ప్రార్థన ఆయన్నే చెయ్యమన్నారు. త్వరగా కానిచ్చేస్తారనుకున్నాను. జబ్బుపడ్డవాళ్లను పేరుపేరునా తలుచుకుని నిదానంగానే ముగించారు.

"మాస్టారూ, మేం రాగానే ఏదో కట్టేశారు. ఏం చూస్తున్నారండీ?" అన్నారు పాస్టరుగారు.

మామగారు చెప్పారు. "అయ్యో, పెట్టండి పెట్టండి!" అన్నారందరూ. చివరి నిమిషాలు కలిసి చూశాం. ఇండియా ఓడిపోయింది.

"ఆహ్వానమంటే ఏంటండీ? ఎవరు పడితే వాళ్లు ఆడకూడదా?" అని ఎదురు ఫ్లాట్ పిన్నిగారు అడిగారు.

"పెళ్లిపిలుపు లాంటిదమ్మా. ఇంటివాళ్లు పిలిచినవాళ్లే వెళ్తారు. మలేసియా వాళ్లు తమకి స్వాతంత్ర్యం వచ్చిన సంబరానికి మొదలెట్టారు. తొలిరోజుల్లో ఆసియాలో గట్టి జట్లన్నీ వచ్చేవి. తర్వాత్తర్వాత, పెళ్లికి మనం వెళ్లలేక పిల్లల్ని పంపినట్టు, కుర్ర జట్లనీ క్లబ్బుల్నీ పంపడం మొదలెట్టారు. అలా పలచబడిపోయి, కొన్నేళ్లు అసలు జరపనే లేదు."

"మనం ఎప్పుడన్నా గెలిచామా?" అన్నారు పాస్టరుగారు.

"ఫైనల్ దాకా వెళ్లామండీ. నేను బందరులో కాలేజీ చదివేటప్పుడు బర్మా చేతిలో ఓడిపోయాం. జట్టులో మన హైదరాబాద్ వాళ్లుండేవారు. హోటల్లో పేపరు చదివి హాస్టలంతా డీలా పడిపోయింది. ఆ సాయంత్రం వానలోనే గ్రౌండుకెళ్లి ఫైనల్ మళ్లీ ఆడాం. బర్మా తరఫున ఎవరూ ఆడనంటే నేను గోల్‌కీపర్‌గా నిలబడ్డాను."

"ఎవరు గెలిచారండీ?"

"ఇండియానే! నా వైపొచ్చిన బంతి ఒక్కటీ ఆపలేదు," అని ఆయన నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఉప్మా చల్లారిపోతున్నా ఎవరూ చాప మీంచి లేవలేదు. ఇంట్లో నాలుగు ముక్కలకు మించి మాట్లాడని మనిషాయన. మా ఆవిడ గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. "ఇంకా చెప్పండి నాన్నా," అంది.