వరుసలు తేలని కంప్యూటర్

ఆ రోజుల్లో, అంటే ఆదిభట్లలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెడలో ఐడీ కార్డు వేసుకుని ఇబ్రహీంపట్నం చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడితే లోకమంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. (ఎవరూ చూసేవారు కాదు.) వెబ్‌లోని సమాచారానికి అర్థమేమిటో కంప్యూటర్‌కు నేర్పడం మా టీమ్ పని. ‘ఫలానావాడు ఫలానావాడికి ఫలానా’ అని చిన్న చిన్న సంగతులు, వాటితో పాటు కొన్ని సూత్రాలు ఇస్తే, కంప్యూటర్ కొత్త సంగతులు తానే తేల్చి చెప్పాలి. "నీకు బాగా తెలిసిన సమాచారంతో నమూనా చెయ్ తమ్మీ. సోమవారం చూస్త. నేను చాయ్ తాగేలోపు జవాబు రావాలె. నీ ఉద్యోగం పక్కా అయ్యేది దాని మీదనే" అన్నాడు మా టీమ్ లీడ్.

నాకు బాగా తెలిసినవి మా చుట్టరికాలే. తల్లికి అన్నో తమ్ముడో అయితే మేనమామ, ఆయన భార్య అత్త... ఇలా సూత్రాలు రాశాను. తర్వాత బుద్ధి గడ్డి తిని, మా వీధిలో ఎవర్ని ఏ వరుసతో పిలుస్తామో అవన్నీ కూడా నిజం చుట్టరికాల్లాగే ఎక్కించాను. టిఫిన్ బండి ఆయన్ని నేనూ ‘మామా’ అనే అంటాను, మా అమ్మా ‘మామా’ అనే అంటుంది. దాంతో కంప్యూటర్ ఆయన్ను మా అమ్మమ్మకు కొడుకును చేసింది, తమ్ముడినీ చేసింది, చివరికి ఆయనకు ఆయనే మేనల్లుడని తేల్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. తేలగలిగే వరుసలన్నీ ముందే తేల్చి పెట్టుకొమ్మని రాశాను కనుక, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం వేళకు కూడా అది కొత్త చుట్టాలను కంటూనే ఉంది. ఆదివారం ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఉద్యోగం పోయినట్టేనని దాదాపు ఏడ్చినంత పని చేశాను.

పక్కనే మా చిన్నమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సంబంధం కలుపుకునే ముందు వరుస కుదురుతుందో లేదో అడగడానికి మా వీధివాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు. ఆ రోజూ ఒకావిడ వచ్చి, "అక్కా, యాచారం పిలగాడు మా పిల్లకు వరుసైతడా?" అంది.

"పిలగాని తల్లి ఎవరి బిడ్డ?" అడిగింది చిన్నమ్మ. ఆవిడ చెప్పింది. "పిలగాని అమ్మమ్మ మీ అత్తకు సొంత అక్కనే కదా? అంటే పిలగాని తల్లి నీ పెనిమిటికి అక్క లెక్క. పిలగాడు మీ పిల్లకు బావనే. పో, చేస్కో."

కాయ ఈనె తీసినంత సేపు కూడా పట్టలేదు. నేను నోరు తెరిచి, "చిన్నమ్మా, అందరి వరుసలు నీకు ముందే యాదికున్నయా?" అన్నాను.

"అందరియి ఎవడు లెక్కవెడ్తడురా, పిచ్చి లేస్తది! అడిగినప్పుడు, అడిగిన ఇద్దరి కాడినుంచి ఎనకకు పోవాలె. రెండిండ్లు దాటితే తెలుస్తది. గంతే. ఇగ పిలుపు వరుస వేరు, నెత్తురు వరుస వేరు. రెండు కలిపితే పాడైతది."

సాయంత్రంలోగా రెండు వరుసలనూ విడదీశాను. ముందే అన్నీ తేల్చడం మానేసి, ప్రశ్న అడిగాక దాన్నుంచి వెనక్కి వెళ్లేలా రాశాను. సోమవారం లీడ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేలోపే జవాబు వచ్చింది. "శభాష్! గీ ఉపాయం ఎట్ల తట్టింది?" అన్నాడు. ఉద్యోగం నిలిచిన ఆనందంలో, "స్నానం చేస్తుంటే తట్టింది సార్" అన్నాను. ఇంటికి వెళితే చిన్నమ్మ, "నా పేరు చెప్పినవా?" అంది. "చెప్పిన" అన్నాను. పాపం, పొంగిపోయి మర్నాడు సార్‌కు ఇమ్మని డబ్బానిండా మక్క గారెలు పంపింది. ఏ మొహంతో ఇవ్వను? బస్సులోనే తినేశాను. సాయంత్రం, "సార్ మస్తున్నయన్నడు" అని కూడా చెప్పాను.

పోయినేడు ఉండబట్టలేక నిజం చెప్పేశాను. చిన్నమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "నాకు గప్పుడే ఎర్కరా. బస్సుల నీ పక్క సీట్ల పిలగాడు వచ్చి చెప్పిండు, ఒక్కటి సుత పెట్టలేదట. కొత్త కొలువు, భయపడ్డవనుకున్న" అంది.

సిగ్గుతోనే నవ్వొచ్చింది. ఇప్పుడు నేనే లీడ్‌ని. కుర్రాళ్లు ఏదైనా మంచి ఉపాయం తెచ్చి స్నానం చేస్తుంటే తట్టిందంటే కాదనను, "ఇంట్ల ఎవరెవరున్నరు తమ్మీ?" అని మాత్రం అడుగుతాను. ఆనాటి ఆ అబద్ధాల కుర్రాడి మీద నాకు పెద్దగా కోపం లేదు. కానీ ఆ గారెలు సార్‌కు ఇచ్చి, ఎవరు చేశారో చెప్పాల్సింది.